మా ఇంట్లో రెండు నల్లరాళ్లు

మా ఇంట్లో రెండు నల్లరాళ్లున్నాయి. ఒకటి నాన్నగారి సాలగ్రామం. పూజామందిరంలో రాగి సంపుటంలో, పట్టుగుడ్డ మీద ఉంటుంది. రోజూ పొద్దున్నే పురుషసూక్తం, అభిషేకం, తులసిదళం, నైవేద్యం. మా ముత్తాతగారు కాశీ వెళ్లినప్పుడు ఎవరో సాధువు చేతిలో పెట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. రెండోది నాది. గౌరీపట్నం క్వారీలో ఏరుకున్న గుప్పెడంత ముక్క. నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకుంటాను.

నేను రోడ్ల పనుల్లో సైట్ ఇంజనీర్ని. ఇరవై రెండేళ్లుగా గోదావరికి అటూ ఇటూ రోడ్లు వేయిస్తున్నాను. పంగిడి, గౌరీపట్నం క్రషర్ల నుంచి వచ్చే నల్ల కంకర నా చేతుల మీదుగా ఎన్ని వేల లారీలు దిగిందో లెక్కలేదు. నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 74 ఏళ్లు. ఆయన రాయికీ నా రాయికీ చుట్టరికం ఉందన్న సంగతి పోయిన అక్టోబరులో ముక్తినాథ్ వెళ్లినప్పుడు మా ఇద్దరి మధ్యా మాటల్లోకి వచ్చింది. అది రాసి పెట్టుకోవాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ముక్తినాథ్ నేపాల్లో ఉంది. వైష్ణవులకు నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికే నేల. నాన్నగారికి ఎప్పటినుంచో కోరిక. అమ్మ మోకాళ్ల నొప్పులతో రానంది. ఇద్దరమే విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగాం. సోనౌలీ దగ్గర సరిహద్దు దాటి పోఖరా, అక్కడి నుంచి జీపు. 3,700 మీటర్ల ఎత్తు, ఆయన వయసు తలుచుకుంటే నాకు దారంతా టెన్షనే. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు రెండు గంటలకోసారి ఆయన చేతికి తగిలిస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం కిటికీ అద్దానికి మొహం ఆనించి కొండలు చూస్తూ కూర్చున్నారు. సంపుటం ఆయన ఒళ్లోనే ఉంది. స్వామిని పుట్టింటికి తీసుకెళ్తున్నానని ఇంట్లో బయల్దేరేటప్పుడే చెప్పారు.

బేని దాటాక కాళీగండకి నది పక్కనే రోడ్డు. ఒకచోట కొండ జారి దారి మూసుకుపోతే నాలుగు గంటలు ఆగాం. జేసీబీ మట్టి తీస్తుంటే నేను దిగి కొండ కోత దగ్గరికి వెళ్లాను. అలవాటు అలాంటిది. రాయి మొత్తం పొరలు పొరలుగా, తడిసి ఆరిన పాత పుస్తకంలా ఉంది. పొరలన్నీ రోడ్డు వైపే వాలి ఉన్నాయి. పొర మీద పొరకి పట్టు లేదు, మధ్యలో అభ్రకం తళతళలాడుతోంది. చేత్తో లాగితే పలకలు ఊడి వచ్చాయి. అలాంటి చోట కొండని ఎంత కోసినా మళ్లీ జారుతుంది. మన తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్లు చూసినవాణ్ని, అక్కడా కొండ విరిగిపడుతుంది గానీ ఇది వేరే రకం. ఇక్కడ కొండ ఇంకా కుదురుకోలేదు. ఇంకా తయారవుతూనే ఉంది.

ఆ పై ఊరు తాతోపాని. నది ఒడ్డున ఉడుకునీటి గుంటలు. పేరు విని నాన్నగారు ఒక్క క్షణం ఆగి, "తప్తం, తాతో... వేడినీళ్లు. సరిపోయింది" అన్నారు. నేలలోపల ఒక రాతి పొర మరోదాని మీదికి ఎక్కేసిన పెద్ద పగులు ఈ చుట్టుపక్కలే ఉంది. ఆ పగుళ్లలోకి దిగిన వాననీరు లోతుల్లో కాగి పైకొస్తుంది. ఆ వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఆయన సంధ్యావందనం చేసుకున్నారు.

మర్నాడు కాలోపాని దగ్గర డ్రైవరు జీపు ఆపి రెండు వైపులా చూపించాడు. ఎడమన ధవళగిరి, 8,167 మీటర్లు. కుడిన అన్నపూర్ణ, 8,091. మధ్యలో మేము, మా పక్కన నది. ఆ రెండు శిఖరాలతో పోల్చితే నది 5 కిలోమీటర్లకు పైనే లోతులో ఉంది. కొండలు లేస్తుంటే నది కోసుకుంటూ, కొండలు ఇంకా లేస్తుంటే ఇంకా కోసుకుంటూ తన దారి తను నిలబెట్టుకుంది. మెడ ఎత్తి చూస్తుంటే నాన్నగారి తలపాగా జారిపోయింది. నేను తీసి ఇస్తే చుట్టుకోవడం కూడా మరిచిపోయి చూస్తున్నారు.

జోమ్‌సోమ్ దాటితే పచ్చదనం పోతుంది. చెట్టు లేదు, గడ్డి లేదు. పొద్దున పదకొండు దాటిందంటే గాలి మొదలు. ఆ గాలి ఇసుకని, గులకల్ని విసిరికొడుతుంది. మేం అందుకే తెల్లవారుతూనే కాగ్‌బేని దగ్గర నది మధ్యకి దిగాం. నీళ్లు సన్నటి పాయలుగా విడిపోయి పారుతున్నాయి. నీళ్ల రంగు నలుపు, పలక కడిగిన నీళ్లలా. కాళీగండకి అన్న పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పై కొండల్లో నల్లటి పొరరాయి ఉంది, గోటితో గీకితే పొడి రాలేంత మెత్తన. ఆ పొడే నీళ్లలో కలుస్తోంది. మెత్తటి రాయి కరిగిపోగా దానిలోపల ఉన్న గట్టి ఉండలు మిగిలి, దొర్లి దొర్లి నున్నబడి ఒడ్డున పడతాయి. అవే సాలగ్రామాలు.

ఒడ్డున ఒక ముసలమ్మ గోనెపట్టా పరిచి నాలుగైదు రాళ్లు పెట్టుకుని కూర్చుంది. నాన్నగారు కొనరు. సాలగ్రామానికి వెల కట్టకూడదంటారు. ఆమె కొనమని అడగలేదు. ఒక ఉండ తీసి రెండు చేతులతో విప్పింది, భరిణె మూత తీసినట్టు. లోపల ఒక సగంలో చుట్టలు చుట్టుకున్న గుల్ల ఉబ్బెత్తుగా ఉంది. రెండో సగంలో అదే గుల్ల గుంటగా ఉంది. ఒకటి పోత, ఒకటి అచ్చు. నేను వేలితో తడిమాను. మధ్య నుంచి బయటికి వచ్చేకొద్దీ గీతలు వెడల్పవుతున్నాయి. ప్రతి గీతా చివర రెండుగా చీలింది. కొడవలికి పెట్టే నొక్కుల్లా బరకగా వేలికి తగులుతున్నాయి. ఒకచోట గీత వెంబడి పసుపుపచ్చగా మెరుపు.

"హిరణ్యగర్భ" అన్నారు నాన్నగారు మెల్లగా. బంగారు మచ్చ ఉన్నదాన్ని అలా అంటారట. అది ఇనుమూ గంధకమూ కలిసి ఏర్పడే పైరైట్ అని నాకు తెలుసు. గాలి ఆడని బురదలో ఏదైనా ప్రాణి కుళ్లిన చోట అది పేరుకుంటుంది.

అప్పుడాయన మా సంపుటం తీశారు. మా స్వామి పెద్ద నిమ్మకాయంత ఉంటారు. ఒకవైపు చిన్న ద్వారం, లోపల చక్రం. చిన్నప్పుడు ఎన్నోసార్లు దూరం నుంచి చూశాను గానీ లోపలికి చూడలేదు. "ఫోన్లో లైటు వెయ్యరా" అన్నారు. వేశాను. లోపల అవే గీతలు. ముసలమ్మ చేతిలో ఉన్న గుల్ల గీతలే, చివర చీలికతో సహా.

"నాన్నగారూ, చక్రాన్ని వజ్రకీటం చెక్కిందంటారు కదా."

"అవును. రాయిని తొలుచుకుంటూ లోపలికి పోయి చెక్కుతుందని పురాణం. అయితే?"

"పురుగు సంగతి నిజమే. కాకపోతే అది రాయిని తొలచలేదు. పురుగు ముందు, రాయి తరవాత."

ఆయన నావైపు చూశారు. చెప్పమన్నట్టు పక్కనున్న బండ మీద కూర్చున్నారు.

నేను నాకు తెలిసినంత చెప్పాను. దాన్ని అమ్మోనైట్ అంటారు. చూడ్డానికి నత్తలా ఉన్నా నత్త కాదు, ఆక్టోపస్‌కీ స్క్విడ్‌కీ చుట్టం. గుల్లలో గదులు గదులుగా గోడలు కట్టుకుంటూ, పెరిగేకొద్దీ కొత్త గదిలోకి మారుతూ, పాత గదుల్లో గాలి నింపుకుని నీళ్లలో తేలేది. చచ్చిపోయి అడుగున బురదలో పడితే బురదలోని ఖనిజాలు దాని చుట్టూ పేరుకుని ఉండ కట్టాయి. మిగతా బురద మెత్తటి పొరరాయి అయింది, ఇది మాత్రం గట్టి ఉండగా మిగిలింది. దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటి మాట.

"సముద్రంలోనా?"

"సముద్రంలోనే."

"ఇక్కడికి సముద్రం వచ్చిందా మరి?"

"సముద్రం రాలేదండీ. సముద్రపు అడుగే ఇక్కడికి వచ్చింది."

ఈ ఒక్క మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. కొండ మీద గుల్లలు దొరికాయంటే ఒకప్పుడు నీళ్లు ఇంత ఎత్తుకి వచ్చాయని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ బురద పేరుకున్నప్పుడు మన దేశపు నేల భూమధ్యరేఖకి చాలా దిగువన, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఉంది. దాని ఉత్తరపు అంచున లోతు తక్కువ సముద్రం. మా స్వామి ఆ అంచున పుట్టారు. అది ఆసియా సముద్రం కాదు, మన గట్టున ఉన్న మన సముద్రం. అతుక్కున్న ఆ పెద్ద నేలకి 1885లో ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త గోండ్వానా అని పేరు పెట్టాడు, గోండుల నేల పేరు మీద. మన ఆదిలాబాద్ గోండులు కూడా ఆ జాతివాళ్లే. ఉత్తరాన ఉన్న సముద్రానికి టెథిస్ అని గ్రీకుల సముద్రదేవత పేరు పెట్టిందీ ఆయనే. నాన్నగారికి ఇది బాగా నచ్చింది. "నేలకి మనవాళ్ల పేరు, నీళ్లకి దేవత పేరు. మర్యాద తెలిసినవాడు" అన్నారు.

తరవాత ఆ నేల విడిపోయింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తూర్పు తీరం నుంచి వేరుపడింది. విశాఖ కొండల్లో కనిపించే ఖోండలైట్ లాంటి రాళ్లూ, అదే వయసు గల రాళ్లూ అంటార్కిటికా తూర్పు తీరంలో ఉన్నాయి. మన సముద్రతీరం చినిగిన గుడ్డ అంచు, రెండో అంచు మంచు కింద ఉంది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ విడిపోయింది. మన పలక ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరింది.

పలక అన్నప్పుడు నాకు బలపం పలకే గుర్తొస్తుంది, కానీ ఇది వంద కిలోమీటర్ల మందం ఉన్న రాయి. పలక కింద ఉన్నది కూడా రాయే, కానీ వేడికి మెత్తబడి, కోట్ల ఏళ్ల మీద ప్రవహిస్తుంది. రాయి ప్రవహించడమేమిటి అంటారు చాలామంది. తారురోడ్డు చూడండి. సుత్తితో కొడితే పెళ్లుగా విరుగుతుంది. అదే రోడ్డు మే నెల ఎండలో, లోడు లారీలు రోజూ బ్రేకు వేసే బస్టాపు దగ్గర, గాడి పడి ముందుకి ముడతలుగా ఉబ్బుతుంది. గట్టిదే, కానీ టైమూ వేడీ బరువూ మూడూ కలిస్తే పారుతుంది. ఆ ముడతల్ని సరిచేయించడానికి నేను ఎన్ని ఎస్టిమేట్లు వేశానో.

మరి మన పలకని లాగిందేమిటి? ముందున్న సముద్రమే. టెథిస్ సముద్రపు అడుగు పాతదై, చల్లబడి, బరువెక్కి ఆసియా కిందికి దిగిపోతూ వెనకున్న మన నేలని కూడా లాక్కుపోయింది. ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలిన కాలం ఉంది. పలకల్లో అది మహావేగం. ఎందుకంత వేగం అన్నదానికి 2007లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు జర్మనీ వాళ్లతో కలిసి ఒక సమాధానం చెప్పారు. ఒకప్పుడు మనతో కలిసున్న ఖండాల కింద పలక మందం 180 నుంచి 300 కిలోమీటర్లు ఉంటే, మన కింద 100 మాత్రమే ఉందట. కింద నుంచి వచ్చిన వేడికి అడుగు కరిగిపోయి, లోతుగా పాతుకున్న వేళ్లు తెగిన చెట్టులా అయిందన్నమాట. హబ్సిగూడ మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ సంస్థ గేటు వైపు ఒకసారి గౌరవంగా చూస్తాను.

దారిలో ఒకచోట ఆ పలక కింద మంట తగిలింది. ఇప్పుడు మారిషస్ పక్కన ఉన్న రీయూనియన్ దీవి కింద ఉన్న వేడి అది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ రగులుతూనే ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట మన పలక దాని మీదుగా పోతున్నప్పుడు దక్కను అంతా లావా పరుచుకుంది. ఆ తర్వాత కూడా దీపం మీదుగా కాగితం జరిపితే పడే మసి గీతలాగా లక్షదీవులు, మాల్దీవుల వరస మిగిలింది. ఆ లావాలో కొంత పడమటి నుంచి పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దూరం పారి మా గోదావరి గట్టుకి వచ్చి ఆగింది. కాటేరు, పంగిడి, గౌరీపట్నం. నా టేబుల్ మీది ముక్క అదే. నేను పరిచే కంకర అదే. అక్కడ లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంటుంది, దాన్నిండా గుల్లలు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో క్వారీ కూలీ ఒకాయన నా చేతిలో పెట్టి, "ఇది కంకరకి పనికిరాదు బాబూ, గుల్లరాయి" అన్నాడు. రాయి అంటే నాకు ఇష్టం మొదలైంది ఆ రోజే.

"అమ్మోనైట్లు ఇప్పుడెక్కడున్నాయి?" అని నాన్నగారు అడిగారు.

లేవు. వాటి వంశం కూడా ఇంచుమించు 6.6 కోట్ల ఏళ్ల కిందటే, మా గౌరీపట్నం రాయి నిప్పుగా పారిన కాలంలోనే అంతరించింది. మెక్సికో దగ్గర ఉల్క పడటం పెద్ద కారణం, దక్కను లావా వదిలిన విషవాయువుల పాత్ర ఎంత అన్నదాని మీద వాదన నడుస్తూనే ఉంది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఆయన రాయి. ఆయన రాయిలోని ప్రాణి సంతానం ఆఖరి రోజుల్లో నా రాయి పుట్టింది.

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగంతా అయిపోయి, ఖండమే వచ్చి ఆసియాకి తగిలింది. ఖండపు రాయి తేలిక, అది మునగదు. వెనక నుంచి తోపు ఆగలేదు. ముందున్న అంచు, దాని మీదున్న పాత సముద్రపు బురదతో సహా, ముడతపడి, పొర మీద పొర ఎక్కి, ఆకాశంలోకి లేచింది. ఎవరెస్టు కొన మీద ఉన్నది కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే. ఇప్పటికీ మన పలక ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. నాన్నగారు పుట్టినప్పటి నుంచి ఇప్పటికి మూడు మీటర్లకు పైచిలుకు. ఆ మాట చెబితే ఆయన బండ మీద నుంచి లేచి, నేల మీద మూడు పెద్ద అంగలు వేసి చూసుకున్నారు.

ఏటా జరిగే ఆ నాలుగైదు సెంటీమీటర్లలో దాదాపు రెండు ఈ హిమాలయాల కింద బిగుసుకుపోయి ఉంటుంది. ఏటా బిగుస్తూ ఒకరోజు ఒక్కసారిగా జారుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపంలో జరిగింది అదే. 7.8 తీవ్రత, కాఠ్‌మాండూ చుట్టుపక్కల నేల దాదాపు మీటరు ఎత్తు పైకి లేచింది, దాదాపు 9,000 మంది పోయారు. మా డ్రైవరుది గోర్ఖా జిల్లా. ఇల్లు కూలినప్పుడు అతని తల్లి పొలంలో ఉండబట్టి బతికింది. పోఖరా చేరిందాకా నాన్నగారు అతన్ని బాబూ అనే పిలిచారు, రోజూ అతను తిన్నాడని తెలిశాకే తను తిన్నారు.

ముక్తినాథ్‌లో దర్శనం బాగా అయింది. నూటెనిమిది ధారల కింద ఆయన తల తడుపుకున్నారు, నేను వద్దన్నా వినలేదు. పక్కనే జ్వాలామాయి గుడిలో రాతి పగుల్లోంచి వచ్చే గ్యాస్‌కి నీలంగా చిన్న మంట, దాని పక్కనే నీటి చప్పుడు. అది కూడా నేలలోపలి నుంచి వచ్చే సహజవాయువే. కోనసీమ పక్కన పుట్టినవాళ్లం, మాకు ఆ మంట కొత్త కాదు.

ఇంటికొచ్చాక నెల రోజులు ఆయన ఈ ఊసే ఎత్తలేదు. ఒకరోజు పూజ అయ్యాక తీర్థం ఇస్తూ అడిగారు.

"ఒరే, స్వామివి ఉప్పునీళ్లు కదా?"

"అవునండీ."

"మా తాతగారి దగ్గర్నుంచీ మంచినీళ్లే పోస్తున్నాం."

సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టకూడదని మా ఇంట్లో ఆచారం. అందుకని మాఘపౌర్ణమి దాకా ఆగాం. ఆ రోజు అంతర్వేదిలో నరసింహస్వామికి చక్రస్నానం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట జనం కిటకిటలాడుతున్నారు. స్వామివారి చక్రాన్ని సముద్రంలో ముంచిన తరవాత, జనం కాస్త పలచబడ్డాక, మేమిద్దరం మోకాలి లోతుకి దిగాం. నాన్నగారు సంపుటం నాకిచ్చి సాలగ్రామాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నారు. అల లాగేస్తుందేమోనని నా చేతులు ఆయన చేతుల కింద పెట్టాను. మూడు అలలు దాని మీదుగా పోయాయి. మూడోది పెద్దది, మా ఇద్దర్నీ నడుం దాకా తడిపింది. ఆయన పెదాలు కదులుతున్నాయి గానీ హోరులో ఏ మంత్రమో వినపడలేదు.

మర్నాడు ఇంట్లో అభిషేకం చేస్తుంటే చక్రం లోపలి నుంచి నాలుగైదు ఇసుక రేణువులు పళ్లెంలోకి జారాయి. నాన్నగారు వాటిని తులసాకుతో జాగ్రత్తగా ఒక పక్కకి తీసి, పూజ అయ్యాక తీసుకెళ్లి తులసికోటలో వేశారు.